మంచిమనిషి పేజీ

అద్దె గది, మూడో అంతస్తు
జూన్ 3

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. నిన్ను పుస్తకాల బైండింగు పనిలో వేశారని చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా నోటుపుస్తకానికి ఒక్క అట్ట వెయ్యమంటే గోడ దూకి పారిపోయేవాడివి. జైలువాళ్ళు నాకంటే గట్టివాళ్ళే.

నా కబురు చెప్తాను, కంగారుపడకు. ఉద్యోగం మానేశాను. సోమవారం మీటింగుల్లో మా మేనేజరు నా ఆలోచనని తన ఆలోచనగా చెప్పడం, అందరూ చప్పట్లు కొట్టడం ఆరేళ్ళుగా మామూలే. పోయిన నెల ఒకరోజు చూసుకుంటే నేనూ కొడుతున్నాను. అదీ అందరికంటే గట్టిగా. ఆ చేతులతోనే బల్ల మీద సామాను సర్దుకుని వచ్చేశాను.

ఇప్పుడు సొంతంగా సోషల్ మీడియా సలహాదారుని. దుకాణాలవాళ్ళూ, డాక్టర్లూ ఫోన్లో జనానికి ఎలా కనిపించాలో, ఏం చెప్పాలో, ముఖ్యంగా ఏం చెప్పకూడదో నేర్పడం నా పని. ఆఫీసంటే నా మంచమే. కిటికీ ఊచకి కట్టిన లైటు, వెనక తెల్ల దుప్పటి. కార్డులు కూడా కొట్టించాను. ఇంటి ఓనరమ్మ ఒకటి తీసుకుని చదివి, "సలహాలివ్వడానికి కార్డెందుకే? మా ఆయన ఊరికే ఇస్తాడు, తీసుకునేవాళ్ళే లేరు" అంది.

మొదటి క్లయింటు పళ్ళ డాక్టరు. ఆయన పేజీ నిండా పుచ్చిపోయిన పళ్ళ ఫొటోలే. "సార్, ఇవి చూసినవాళ్ళు నోరు తెరవరు, మూసుకుంటారు" అన్నాను. రెండ్రోజులు ఆయన గదిలో మూల కూర్చుని చూశాను. పంటికి డ్రిల్లు పెట్టేటప్పుడు డాక్టరు తనకి తెలియకుండానే పాడతాడు. శృతి లేదు, తాళం లేదు. కుర్చీ చేతుల్ని పట్టుకుని వణుకుతున్న ఒక రిటైర్డు హెడ్మాస్టరు ఆ పాట భరించలేక నొప్పి మర్చిపోయాడు. ఇద్దరినీ అడిగి అది పెట్టాను. లక్షన్నర మంది చూశారు.

చూసినవాళ్ళలో ఒకాయన నిన్న ఫోన్ చేశాడు. ఉత్తరాలు విప్పి చదివే సారూ, మీకు నమస్కారం, ఇక్కడ్నుంచి కాస్త నిదానంగా చదవండి.

ఫోన్ చేసింది మీ సోఫాల దొర, అన్నయ్యా. మూడంతస్తుల కొత్త షోరూం తెరుస్తున్నాడట. "సోఫాలు కాదమ్మా, జనానికి నా మనసు కనపడాలి. మంచిమనిషి అనిపించాలి" అన్నాడు. రెండేళ్ళ కిందట తెల్లారుజామున తను కారు నడిపి, సైకిల్ మీద పేపర్లు వేసే ఆవిడని గుద్ది, ఆపకుండా పోయి, తర్వాత ఆ నేరం తన డ్రైవరు నెత్తిన పెట్టినవాడికి మనసు కనపడాలట! ఆ డ్రైవరుకి ఇల్లుంటుందనీ, ఇంట్లో చెల్లెలుంటుందనీ ఆయనకి ఏనాడైనా తోచిందా? నా మొహం చూసినా గుర్తుపట్టడు.

ఒప్పుకున్నాను. రెండేళ్ళుగా పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నదానికి, శత్రువు తనంతట తనే తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు. పోకుండా ఉండటానికి నేనేమైనా పిచ్చిదాన్నా?

నీ
సూది

*

జైలు, రెండో బ్లాకు
జూన్ 19

సూదీ,

నీకా పేరు పెట్టినవాణ్ణి నేనే, గుచ్చుకున్నప్పుడు ఏడవడానికి వీల్లేదు. ఉద్యోగం మానేసినందుకు భయపడ్డాను గానీ, పళ్ళ డాక్టరు కథ మా బారక్‌లో అందరికీ చదివి వినిపించాను. ఒకాయనకి దవడ వాచి నాలుగు రోజులైంది. "ఆ పాడే డాక్టర్ని ఇక్కడికి పంపమను" అంటున్నాడు.

నా చేతులకి ఎప్పుడూ జిగురే. పాత రికార్డుల పుస్తకాలు విప్పి, కుట్టి, మళ్ళీ అట్ట వెయ్యాలి. పని బాగుంది. మాట్లాడక్కర్లేదు.

సోఫాల దొర పని వదిలెయ్యి. నేను గట్టిగా చెప్పేవి తక్కువ. ఇది గట్టిగా చెప్తున్నాను. నీకు వేరే క్లయింట్లు దొరుకుతారు. ఆయన జోలికి పోతే ఎక్కడో ఒకచోట నువ్వెవరో తెలుస్తుంది, నీ పని మొదట్లోనే మూతపడుతుంది. అయిపోయింది అయిపోయింది. ఇంకో మూడేళ్ళు, కళ్ళు మూసి తెరిచేలోగా గడిచిపోతాయి.

ములాఖత్‌కి వస్తానని మళ్ళీ రాశావు. వద్దు. అంత దూరం వచ్చి పదిహేను నిమిషాలు ఇనుప జాలీ అవతల నిలబడటం ఎందుకు? ఉత్తరాలే బాగున్నాయి.

జాగ్రత్త.

అన్నయ్య

*

అద్దె గది
ఆగస్టు 8

అన్నయ్యా,

నీ గట్టి మాట చదివాను. మడిచి దిండు కింద పెట్టాను. వినను.

పనెలా సాగుతోందో విను. నేను వెళ్ళేసరికి ఆయన పేజీని మూడొందల మంది చూసేవాళ్ళు, అందులో సగం ఆయన చుట్టాలు. ఇప్పుడు నలభై వేలు దాటారు. ఆయన మాట్లాడేటప్పుడు వేలు ఆడిస్తాడు, బెదిరించినట్టుంటుంది. ఆ చేతిలో ఒక చెక్కముక్క పెట్టి, మాట్లాడుతూ నిమరమన్నాను. అంతే, మనిషికి ఎక్కడలేని పెద్దరికం వచ్చేసింది. "ఈ కర్రకి కూడా ప్రాణముంటుందండీ" అంటాడు చెక్కని చూస్తూ. కింద కామెంట్లలో జనం కళ్ళు తుడుచుకుంటున్నారు.

నా ఉద్దేశం నీకు అర్థమయ్యే ఉంటుంది. గోతిలో పడేసేవాణ్ణి ముందు కొండ ఎక్కించాలి. ఎంత ఎత్తు ఎక్కితే అంత మోత. అక్టోబరులో షోరూం తెరుస్తాడు. ఆ రోజు అందరూ చూస్తుండగా లైవ్ పెడతాం. ఆ లైవ్ మధ్యలో, ఆయన పేజీలోనే, ఆయన గురించి నిజం పెడతాను. ఆయన మొహంలో రంగు మారడం నేను పక్కనుంచి చూడాలి. రోజూ పడుకునే ముందు అదే తలుచుకుంటున్నాను. ఇంత హాయిగా నిద్రపట్టి రెండేళ్ళయింది.

ఆయన్ని సార్ అని పిలవడం మాత్రం కష్టం. ఇంటికొచ్చి రెండుసార్లు నోరు పుక్కిలిస్తాను.

మొన్న ఏం జరిగిందో వింటే నీకూ మండుతుంది. తన జీవితం గురించి చెప్తూ, నేను అడగకుండానే, "నా దగ్గర ఒక డ్రైవరుండేవాడమ్మా. సొంత తమ్ముడిలా చూసుకున్నా. నేను ఊళ్ళో లేనప్పుడు నా కారు తీసుకుపోయి ఒకావిణ్ణి గుద్దాడు. వాడికి శిక్ష పడినరోజు నేను అన్నం ముట్టలేదు" అన్నాడు. గొంతు కూడా వణికించాడు. కెమెరా నా చేతుల్లో ఉంది. కదలకుండా పట్టుకున్నాను. "చాలా బాగా వచ్చింది సార్, దాచి ఉంచుదాం" అన్నాను.

నాకు వివరాలు కావాలి. ఆ రోజు ఎక్కడినుంచి వస్తున్నారు? గుద్దాక సీటు ఎక్కడ మారారు? ఆయన నీతో అన్న మాటలేంటి? ఉన్నవి ఉన్నట్టు రాయి. రెండేళ్ళనుంచి అడుగుతున్నాను, ప్రతిసారీ బైండింగు గురించీ వాతావరణం గురించీ రాస్తావు.

సూది

*

జైలు, రెండో బ్లాకు
ఆగస్టు 24

సూదీ,

ఊళ్ళో లేనన్నాడా? ఆ మాటే అన్నాడా? తమ్ముడిలా చూసుకున్నానని కూడా అన్నాడా?

నీ ఉత్తరం చదివాక రెండు పుస్తకాలు తలకిందులుగా కుట్టాను. మేస్త్రీ తిట్టాడు.

అయినా నా మాట అదే. నీ దగ్గర రుజువు లేదు. నేను నీకు కోర్టు వరండాలో చెప్పిన ఒక్క మాట తప్ప ఏముంది? దాన్ని పట్టుకుని నలభై వేలమంది ముందుకి పోతే వాళ్ళు నిన్నే రాళ్ళతో కొడతారు. వివరాలు అడగకు. రాయలేను. రాయడం మొదలుపెట్టి మూడు కాగితాలు చింపేశాను.

నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ పని వదిలేసి బయటికి రా.

అన్నయ్య

*

అద్దె గది
సెప్టెంబరు 30

అన్నయ్యకి,

షోరూం తెరిచేది అక్టోబరు ఇరవై ఆరున. ఆలోగా "మన ప్రయాణం" అని ఒక వీడియో కావాలన్నాడు. తన పాత ఫోను తెచ్చి నా చేతికిచ్చి, "ఇందులో ఫొటోలన్నీ ఉన్నాయమ్మా, నీకేది కావాలంటే అది తీసుకో" అన్నాడు.

ఆయనకో అలవాటుందని నీకు తెలుసు కదా. పొద్దున్నే ఆకాశాన్ని ఫొటో తీసి, దానిమీద ఏదో మంచిమాట రాసి, తెలిసినవాళ్ళందరికీ పంపుతాడు. వాటిలో ఒకటి ఆయన పేజీ పైభాగంలో ఇప్పటికీ ఉంది. ఎర్రటి ఆకాశం, కింద "ప్రతి ఉదయం ఒక వరం." నేను వచ్చిన మొదటిరోజు నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నాను.

ఫోన్లో దాని అసలు ఫొటో దొరికింది. కత్తిరించక ముందుది. ఫొటో లోపల తీసిన రోజూ, సమయం, చోటూ రాసి ఉంటాయి. అవి చూడటం నా వృత్తి. ఆ రోజే. అయిదు గంటల యాభై రెండు నిమిషాలు. ఆ రోడ్డే. ఆవిడ పడిన చోటికి పన్నెండు కిలోమీటర్ల ముందు. దొర ఊళ్ళోనే ఉన్నాడు, కార్లోనే ఉన్నాడు. నాకు కావలసిన రుజువు కాళ్ళ దగ్గరికి వచ్చి పడింది. లేచి గదంతా గంతులేశాను. కింద ఓనరమ్మ చీపురుకర్రతో కప్పు మీద కొట్టింది.

తర్వాత ఫొటోని పెద్దది చేసి చూశాను. అది పక్క సీట్లోంచి తీసిన ఫొటో. ఒక అంచున స్టీరింగు, దానిమీద ఒక చెయ్యి. చిటికెన వేలు బయటికి వంగి ఉంది.

ఆ వేలు నాకు ఆరేళ్ళప్పుడు నేను తలుపేసి నలగ్గొట్టిన వేలు. లోకంలో ఇంకెవరికీ అలా ఉండదు.

కారు నడిపిందెవరు?

అబద్ధం రాసేటట్టయితే రాయకు.

*

జైలు, రెండో బ్లాకు
అక్టోబరు 6

సూదీ,

నేనే.

ఆ మాట పైన రాసి, కింద ఏమీ రాయలేక రెండ్రోజులు ఊరుకున్నాను. ఇప్పుడు అంతా రాస్తాను.

ముందు రోజు పొద్దున్నుంచీ కారు దిగలేదు. కలప డిపోకి పోవాలని ఆయన నన్ను ఆ తెల్లారుజామున మళ్ళీ రమ్మన్నాడు. దారిలో "సార్, కళ్ళు మూతలు పడుతున్నాయి, ఒక్క టీ తాగుదాం" అన్నాను. "డిపోలో తాగుదువుగానిలే, ఆకాశం చూడు ఎంత బాగుందో" అని ఫొటో తీశాడు. నువ్వు చూసింది అదే. ఆ తర్వాత ఎప్పుడు కళ్ళు మూశానో తెలియదు. చప్పుడుకి తెరిచాను. అద్దం మీద పేపర్లు ఎగిరొచ్చి పడ్డాయి.

బ్రేకు తొక్కాను. కారు ఆగింది. ఇది ఎవరికీ తెలియదు, కారు ఆగింది. వెనక అద్దంలో ఆవిడ చెయ్యి కదలడం చూశాను. తలుపు మీద చెయ్యేశాను. ఆయన, "దిగావంటే ఇద్దరం పోతాం. కాలు తియ్యి. పోనీ" అన్నాడు. అరవలేదు కూడా. సోఫా ఎక్కడ దించాలో చెప్పినట్టు చెప్పాడు.

కాలు తీశాను. ఆ కాలు నాది.

డిపో దగ్గర ఆయన దిగి వేరే బండిలో ఇంటికి పోయాడు. మర్నాడు నన్ను స్టేషనుకి పంపాడు. లాయర్ని ఆయనే పెట్టాడు. పక్కన ఇంకొకరున్నారని చెప్తే, ఇద్దరూ కూడబలుక్కుని పారిపోయారంటారు, శిక్ష పెరుగుతుందన్నాడు ఆ లాయరు. నమ్మాను. నమ్మడం సులువనిపించింది.

శిక్ష పడిన రోజు వరండాలో నువ్వు నా చొక్కా పట్టుకుని, "నువ్వు కాదు కదా?" అన్నావు. కాదు కదా అని అడిగావు, నువ్వా అని అడగలేదు. "కాదు" అన్నాను. లోకమంతా హంతకుడన్నా పర్వాలేదు, నువ్వొక్కదానివి అనుకోకుంటే చాలనుకున్నాను. ఆ ఒక్క మాట మీద నువ్వు రెండేళ్ళు ఇంత పగ కడతావని తెలియదు. ములాఖత్‌కి రావద్దన్నది అందుకే. నీ మొహం చూస్తూ ఆ అబద్ధాన్ని మోయలేను.

ఇప్పుడు నీ ఇష్టం. ఏం చేసినా నన్ను తప్పించి చెయ్యకు.

*

అద్దె గది
అక్టోబరు 15

నిన్ను ఏమని పిలవాలో తెలియక పైన ఖాళీ వదిలేశాను.

నీ ఉత్తరం చదివాక మొదట నాకు గుర్తొచ్చింది ఆవిడ కాదు, నువ్వు కాదు. నేను. రెండేళ్ళు నీ కోసం ఎంతమందితో తెగతెంపులు చేసుకున్నానో తెలుసా? "మీ అన్న అలా చేశాడట కదా" అన్న పిన్ని మొహం మీద తలుపేశాను. పాపం, పిన్ని నిజమే చెప్పింది.

పగ ఎక్కడికీ పోలేదు. ఒకడి మీదున్నది ఇద్దరి మీద పడింది, అంతే.

ఆదివారం ఆవిడ భర్త దగ్గరికి వెళ్ళాను. ఆయన తాళాలు బాగుచేస్తాడు. బస్టాండు వెనక, మెట్ల కింద చిన్న గూడు. గోడనిండా మేకులకి తాళంచెవులు. నేనెవరో ముందే చెప్పాను. చేతిలో ఉన్న తాళాన్ని ఆకురాయితో రుద్దడం ఆపలేదు. ఫొటో చూపించాను. నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఆవిడ చెయ్యి కదలడం చూశాను" అన్నచోట ఆకురాయి ఆగింది.

తాళం పక్కన పెట్టి, "నలభై నిమిషాలు పడుంది అక్కడ. ఇరవై నిమిషాలు ముందు తెచ్చుంటే బతికేదన్నాడు డాక్టరు. ఇద్దరున్నారా అయితే" అన్నాడు.

నా పథకమంతా చెప్పాను. లైవ్, జనం, దొర మొహంలో రంగు. అరవై వేలమంది ఉమ్మేస్తారండీ అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఉమ్మేస్తారమ్మా. రెండ్రోజులు ఉమ్మేస్తారు. మూడోరోజు పోయి సోఫా కొనుక్కుంటారు. నాకు అరవై వేలమంది ఎందుకు? ఒక్క జడ్జి చాలు" అన్నాడు.

నా ఆరేళ్ళ చదువూ అనుభవం ఆ మెట్ల కింద చల్లారిపోయాయి. కానీ లేవబోతుంటే ఆయనే అడిగాడు. "ఆ ఫొటో చూపిస్తే వాడేమంటాడు?"

"కార్లో ఉన్నాను గానీ నిద్రపోతున్నాను, నాకేం తెలియదు అంటాడేమో" అన్నాను.

"అలా అనలేకుండా చెయ్యగలవా?"

అది నా పనేనండీ అన్నాను. మనుషులు ఏం చెప్పాలో నేర్పడమే నా పని.

*

జైలు, రెండో బ్లాకు
అక్టోబరు 22

సూదీ,

జైలరుకి అర్జీ పెట్టుకున్నాను, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇస్తానని. ఉత్తరాలు చదివే సారే నాకు అర్జీ రాసిపెట్టాడు. "శిక్ష పెరగొచ్చు, ఆలోచించుకున్నావా?" అన్నాడు. ఆలోచించుకున్నానన్నాను. ఇంతకుముందు ఆలోచించకుండా కాలు తీశాను, ఇప్పుడైనా ఆలోచించి పెట్టాలి.

"ఊళ్ళో లేను" అన్న మాట నాకు రోజూ చెవుల్లో మోగుతోంది. నేను చేసినదానికి ఆయన మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు, తెలుసు. అయినా వస్తోంది. ఆయన్ని ఈ గోడల లోపల చూడాలనుంది. నా పక్కన కూర్చుని జిగురు పూస్తూ చూడాలనుంది.

నువ్వు నన్ను ఏమీ అని పిలవకపోయినా రాస్తూ ఉండు.

*

అద్దె గది
అక్టోబరు 27

నిన్న జరిగింది రాస్తున్నాను. నీ మీద ప్రేమతో కాదు, ఇది తెలియాల్సిన ఇంకో మనిషివి నువ్వే కాబట్టి.

పదిరోజుల ముందే ఆయనకి సలహా ఇచ్చాను. "సార్, ప్రారంభం రోజు ఎవరో ఒకరు ఆ డ్రైవరు కేసు అడుగుతారు. దాచినవాడి మీదే అనుమానం వస్తుంది. మీరే ముందు చెప్పేయండి, వివరంగా. ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో. వివరం ఉంటేనే జనం నమ్ముతారు." అందులో ఒక్క మాటా తప్పు లేదు. ఏ క్లయింటుకైనా అదే చెప్తాను. నిజం చెప్పేవాడికి అది మేలు చేస్తుంది, అబద్ధం చెప్పేవాడికి ఉరితాడవుతుంది. ఏది కావాలో ఎంచుకోవడం ఆయన చేతిలో పెట్టాను.

పదకొండు గంటలకి లైవ్ మొదలైంది. కొత్త చెక్క వాసన, పూలవాసన కలిసిపోయాయి. ఆయన తెల్లచొక్కా వేసుకుని, చేతిలో చెక్కముక్కతో, మధ్య సోఫాలో కూర్చున్నాడు. చూస్తున్నవాళ్ళ లెక్క పధ్నాలుగు వేలు దాటింది. ఒక పక్కగా, ధర చీటీ ఉన్న కుర్చీలో తాళాలాయన కూర్చున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. కొనడానికొచ్చిన ముసలాయన అనుకున్నారు.

నేను కెమెరా వెనక నుంచి అడిగాను. "సార్, మీ మనసుని బాగా బాధపెట్టిన రోజేది?"

తలవంచుకుని, ఊపిరి తీసుకుని మొదలుపెట్టాడు. "ఆ రోజు నేను మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను, ఇక్కడికి రెండొందల కిలోమీటర్లు. ముందు రోజు సాయంత్రమే పోయాను. పొద్దున్న ఏడింటికి టీ చేతిలోకి తీసుకున్నానో లేదో ఫోను. నీ డ్రైవరు ఇలా చేశాడని."

"అయితే కారులో మీరు లేరన్నమాట" అన్నాను.

"నేనుంటే ఆపేవాణ్ణి కదమ్మా! నేనే ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తేవాణ్ణి. నా ప్రాణం మీద ఒట్టు."

కింద వందలకొద్దీ దండాలు, గుండె బొమ్మలు. అంతవరకూ ఎప్పుడూ అంత తియ్యటి పని చెయ్యలేదు నేను. ఒక్క ముక్క పోస్టు చెయ్యలేదు, ఒక్క మాట అనలేదు. ఆయన చేతే చెప్పించి, పధ్నాలుగు వేలమందిని సాక్షులుగా కూర్చోబెట్టాను.

తాళాలాయన లేచి సోఫా దాకా నడిచాడు. నేను కెమెరా ఆపలేదు. దొర కస్టమరనుకుని లేచి చెయ్యి చాపాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకుని, "నేను ఆవిడ భర్తనండీ. మీ మాట విందామని వచ్చాను. విన్నాను" అన్నాడు. చెయ్యి వదిలేసి వెళ్ళిపోయాడు.

నేను ఎదురుచూసిన రంగు అప్పుడు కనపడింది. అనుకున్నట్టు ఎర్రగా లేదు. గోడకి సున్నం వేసినట్టుంది.

మధ్యాహ్నం ఆ ఫోనూ, ఫొటో, లైవ్ రికార్డింగూ, నీ ఉత్తరం తీసుకుని తాళాలాయనా నేనూ లాయరు దగ్గరికి వెళ్ళాం.

*

జైలు, రెండో బ్లాకు
ఫిబ్రవరి 2

సూదీ,

నిన్న మేజిస్ట్రేటు ముందు రెండోసారి నిలబెట్టారు. దొర చెల్లెలు, తన ఇంటికి ఆ నెలలో అన్నయ్య రానేలేదని చెప్పిందట. డిపో కాపలాదారు దొరికాడు, దొర కారు దిగడం చూశానన్నాడు. బెయిలు కొట్టేశారు. మొన్న ఆయన్ని తెచ్చారు. మొదటి బ్లాకులో ఉన్నాడు. వరండాలో ఎదురుపడ్డాం. నన్ను చూసి, "తమ్ముడూ, ఎంత పని చేశావురా" అన్నాడు.

"కాలు పెట్టాను సార్" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

నిజం దాచినందుకూ, ఆగి కూడా ఆదుకోకుండా పోయినందుకూ నాకు ఇంకో రెండేళ్ళు వేశారు. నీకు వేరేవాళ్ళ నోట తెలిసేకంటే నేనే చెప్పాలని రాస్తున్నాను.

నీ పని ఎలా ఉంది?

*

అద్దె గది
ఫిబ్రవరి 20

అన్నయ్యా,

పని పోయింది. క్లయింటునే ముంచిన సలహాదారుని ఎవరు పెట్టుకుంటారు? నలుగురు ఒకే వారంలో మానుకున్నారు. ఒకాయన ఫోన్ చేసి, "మీరు చేసింది న్యాయమేనమ్మా, కానీ నాకు భయమేస్తోంది" అన్నాడు. కనీసం నిజం చెప్పాడు. పళ్ళ డాక్టరు మాత్రం మిగిలాడు. "నాకు దాచుకోడానికేముందమ్మా, శృతి లేదన్న సంగతి లోకానికంతా తెలిసిపోయింది" అన్నాడు. ఆయనతోనే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతున్నాను.

నీకు రెండేళ్ళు పెరిగాయని చదివినప్పుడు నాకు చల్లగా అనిపించింది. దాచను. దొరని లోపలేశారన్నప్పుడు ఎంత హాయిగా ఉందో, అంతే హాయిగా ఉంది. సాయంత్రం దాకా ఆ చల్లదనంతోనే తిరిగాను. తర్వాత కూరగాయలు తరుగుతూ ఉన్నట్టుండి నేలమీద కూర్చుండిపోయి ఏడ్చాను. రెండూ నిజమే. ఏది ముందో ఏది వెనకో అడగకు.

షోరూంకి షట్టరు దించేశారు. నిన్న తాళాలాయన గూటి దగ్గరికి వెళ్ళి ఈ కబురు చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. తల ఊపాడంతే. మేకుకి ఒక తాళంచెవి తగిలిస్తూ, "మీ అన్నని ఒకసారి చూడొచ్చా?" అని అడిగాడు.

ఎందుకని నేను అడగలేదు. నాకు అడిగే హక్కు లేదు.

వచ్చే నెల మొదటి శనివారం ములాఖత్‌కి పేర్లు ఇచ్చాను. ఈసారి వద్దనడానికి వీల్లేదు. ఇద్దరం వస్తాం. నేను ఏమీ మాట్లాడను, ఆయన పక్కన నిలబడతానంతే. నువ్వే మొదలుపెట్టు. బ్రేకు తొక్కిన దగ్గర్నుంచి, అద్దంలో ఆవిడ చెయ్యి కదిలిన దగ్గర్నుంచి, ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పు. పదిహేను నిమిషాలిస్తారట. మధ్యలో ఆపకు.

సూది